రెండు చుట్ల మధ్య సందు



ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది. మెకానిక్ పని తెలియనివాళ్లు కూడా చివరిదాకా చదవండి. ఇందులో మేం చేసిన తప్పు ఒకటుంది, మీ అందరికీ ఒక విన్నపం కూడా ఉంది.

సిరొంచలో మా అన్నదమ్ములిద్దరి బండ్ల షెడ్డు మీకు తెలిసిందే. మన పిల్లవాడే ఒకడు తన పాత బుల్లెట్ 350 తీసుకొచ్చి, "అన్నా, హైదరాబాద్ నుంచి హై లిఫ్ట్ క్యాంల జత తెప్పించిన, ఎక్కించుండ్రి" అన్నాడు. క్యాం ముక్కు ఎత్తు పెరిగితే వాల్వ్ ఇంకాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. గాలి, పెట్రోలు ఎక్కువగా లోపలికి పోతాయి, పై వేగంలో బండి బాగా లాగుతుంది. ఎక్కించాం. మార్కులు కలిపాం, పుష్ రాడ్లు సరిచేశాం, కిక్ కొట్టాం. మొదటి కిక్కుకే స్టార్టయింది. ఆ శబ్దం విని మేమూ మురిసిపోయాం.

పది రోజుల తర్వాత వాడు వాళ్లమ్మను అహేరిలో డాక్టరుకు చూపించి రాత్రిపూట తిరిగి వస్తున్నాడు. జిమలగట్ట దాటాక అడవిలో బండి టప్పున కొట్టి ఆగిపోయింది. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. అటు పోయే లారీ డ్రైవరు ఒకాయన సిగ్నల్ దొరికిన చోటి నుంచి మాకు ఫోన్ చేశాడు. మేం టెంపో తీసుకొని వెళ్లేసరికి మూడు గంటలైంది. ఆ పెద్దమ్మ రోడ్డు పక్క రాయి మీద కూర్చొని ఉంది. "ఏం గాలే బిడ్డా, చీకట్ల కూసున్న గంతే" అంది. ఆ మాటకు మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తెల్లారి ఇంజన్ విప్పాం. ఒక పుష్ రాడ్ విల్లులా వంగింది. లోపలి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి కొట్టుకొని మెరుస్తున్నాయి. అప్పుడు వెర్నియర్ పట్టుకున్నాం. మొదటి రోజే పట్టుకోవలసింది.

లెక్క ఇది. లోపలి స్ప్రింగును బెంచ్ వైస్‌లో చుట్టుకు చుట్టు తగిలేదాకా నొక్కితే 23 మిల్లీమీటర్లు. అంతకంటే అది ముడుచుకోదు, ఇనుప గొట్టంతో సమానం. వాల్వ్ మూసి ఉన్నప్పుడు హెడ్‌లో దాని ఎత్తు 34 ఉండాలి. కానీ రెండేళ్ల కింద స్ప్రింగు సడలిందని మేమే అడుగున 1 మిల్లీమీటరు షిమ్ వేశాం. అంటే మిగిలింది 33. పాత క్యాం వాల్వ్‌ను 8.2 ఎత్తేది, ఇంకా 1.8 సందు ఉండేది. కొత్తది 9.6 ఎత్తింది, మిగిలింది 0.4. నిదానంగా పోతే అదీ నడుస్తుంది. స్పీడులో స్ప్రింగు అలలాగా ఊగుతుంది, ఆ కొంచెం సందూ మూసుకుపోతుంది. ముందుకు పోలేక, వెనక్కి రాలేక పుష్ రాడ్ వంగుతుంది.

వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు కూడా కనీసం 1.5 మిల్లీమీటర్లు మిగలాలి. షిమ్ తీసేసినా 1.4 దగ్గరే ఆగింది. అందుకే 22కు ముడుచుకునే కొత్త స్ప్రింగుల సెట్టు వేశాం. ఇప్పుడు 2.4 ఉంది. బుల్లెట్‌లో స్ప్రింగు లోపల స్ప్రింగు ఉంటుంది, రెండూ విడివిడిగా కొలవాలి. బయటిది బాగుందని లోపలిదాన్ని వదిలేయొద్దు.

ఇంకో రెండు చోట్ల కూడా చూడాలి. ఒకటి, స్ప్రింగు పైన ఉండే రిటైనర్ కిందికి దిగినప్పుడు వాల్వ్ గైడ్ తలకు తగలొద్దు. సీల్ ఉన్న ఇంజన్ అయితే సీల్‌కు తగలొద్దు. అక్కడా 1.5 ఉండాలి. రెండోది పిస్టన్. పిల్లలు ఆడుకునే క్లే కొంచెం పిస్టన్ మీద పెట్టి, హెడ్ బిగించి, ప్లగ్ తీసి, టాప్ గేర్‌లో వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పాలి. క్యాం ఒక్కసారి తిరగాలంటే క్రాంక్ రెండుసార్లు తిరగాలి, కాబట్టి పూర్తిగా రెండు చుట్లు. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆగండి, బలం పెట్టొద్దు. తర్వాత హెడ్ విప్పి, వాల్వ్ అచ్చు పడిన చోట క్లే మందం కొలవండి. ఇన్‌లెట్ వైపు 2, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లకు తగ్గొద్దు.

మొత్తం ఒక పూట పని. ఆ పూట మిగుల్చుకుందామని పెద్దమ్మను మూడు గంటలు అడవిలో కూర్చోబెట్టాం. స్ప్రింగుల ఖర్చు, కూలి మేమే పెట్టుకున్నాం. దానితో లెక్క తీరిందని అనుకోవడం లేదు.

మాకు పని నేర్పిన మేస్త్రీ, "కిక్ కొట్టకముందు చేత్తో తిప్పురా" అనేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. మన సంగతి మీకు తెలుసు. గోదావరి అవతల కాళేశ్వరం, ఇవతల మనం. ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసులో మరాఠీ, స్పేర్ పార్టు డబ్బా మీద ఇంగ్లీషు. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. మన షెడ్లలో పిల్లలు చూసి నేర్చుకుంటున్నారు గానీ, ఈ కొలతలు వాళ్లకు తెలుగులో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు లేరు.

అందుకే విన్నపం. నెలకు ఒక ఆదివారం మా షెడ్డులో పాత ఇంజన్ ఒకటి విప్పి పెడతాం. సంఘం తరఫున రెండు వెర్నియర్లు, ఒక డయల్ గేజ్ కొనిస్తే చాలు. మన పిల్లలను పంపండి. ఫీజు లేదు. మొదటి పాఠం మా తప్పుతోనే మొదలుపెడతాం, ఆ వంగిన పుష్ రాడ్ గోడకు వేలాడదీసి ఉంచాం.

పెద్దమ్మ మొన్న షెడ్డు ముందు నుంచి పోతూ, "బండి మంచిగుందా బిడ్డా?" అని అడిగింది. ఉందని చెప్పాం. ఈసారి కొలిచి చెప్పాం.