మా ఐదుగురి ఆదివారం కూడిక

స్నేహం అంటే జడలు వేసుకోవడం, ఒకే బెంచీలో కూర్చోవడం అని చాలామంది అనుకుంటారు. అది కూడా స్నేహమే. కానీ నేను రాసేది ప్రార్థనలో కుదిరిన స్నేహం గురించి.

మాది కోయగూడెం. మా ఇంట్లో మొదట అక్షరాలు నేర్చింది నేనే. గూడెంలో తాటాకు చర్చి ఉంది. హాస్టలుకు వచ్చినాక చర్చి దూరమైంది. అందుకని ఆదివారం అన్నం తిని, పళ్ళేలు కడుక్కుని, ఐదుగురం వేపచెట్టు కింద కూర్చుంటాం. మేడంను అడిగే కూర్చుంటాం. అరగంట మాత్రమే. ఒకరు బైబిలు చదువుతారు. తర్వాత ఆ వారం ఎట్లా గడిచిందో ఒక్కొక్కరం చెప్పుకుని, ఒకరి కోసం ఒకరం ప్రార్థన చేస్తాం.

మాకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. అక్కడ చెప్పిన మాట బయట చెప్పకూడదు. ఎవరి కోసం ప్రార్థన చేస్తామో వాళ్ళకు ఆ వారం చేతనైన పని చేయాలి. రెండోదే కష్టం. కళ్ళు మూసుకోవడం తేలిక. జ్వరం వచ్చినామె బట్టలు ఉతకాలంటే తెల్లారకముందే లేచి బోరింగు కాడ నిలబడాలి.

ఇట్లాంటి చిన్న గుంపులు పాతవేనని మా పాస్టరయ్య చెప్పారు. ఇంగ్లండులో 1742లో జాన్ వెస్లీ గారి సంఘానికి బ్రిస్టల్ పట్నంలో మందిరం అప్పు ఉన్నదట. మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చేయడానికి పన్నెండు మందికి ఒక నాయకుణ్ణి పెట్టారట. ఆ నాయకులు ఇల్లిల్లూ తిరిగితే ఎవరు ఎట్లా బతుకుతున్నారో తెలిసింది. అప్పు కోసం పెట్టిన గుంపు ఒకరినొకరు కనిపెట్టుకునే గుంపు అయ్యింది. మన దోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన అజరయ్య గారు కూడా, 1910లో ఎడింబరో సభలో, మీ త్యాగాలతో పాటు మాకు స్నేహం కావాలని తెల్లదొరలను అడిగారట. ఆ మాట నాకు బాగా నచ్చింది.

ఈ సంక్రాంతికి ఇంటికి పోయిన మాలో ఒకామె తిరిగి రాలేదు. అమ్మానాన్నలతో మిర్చి ఏరబోయిందని తెలిసింది. ఆదివారం నలుగురమే కూర్చుని ప్రార్థన చేసినం. మాలో ఒకామె చర్చికి పోదు, వాళ్ళింట్లో భూమి పండుగ చేస్తారు. ఆమెను మారమని మేమెవరం అడగలేదు. ఆమే అన్నది, "మరి రెండో కట్టుబాటు ఏమాయె?"

అప్పుడు సబ్జెక్టులు పంచుకుని ఆమె నోట్సు మేమే రాసినం. లెక్కలు నాకు వచ్చాయి. మేడంకు చెప్పినం. మేడం వాళ్ళ ఊరికి పోయి వాళ్ళ నాన్నతో మాట్లాడారు. "కూలీ పోతది, ఎట్ల?" అన్నాడట. ఆయన మాట కూడా అబద్ధం కాదు. ఇరవై మూడు రోజులకు ఆమె వచ్చింది. మిర్చి ఘాటుకు చేతులు మండి పెన్ను పట్టలేకపోయింది. మేము చదువుతుంటే విన్నది. ఇప్పుడు రోజూ స్టడీ అవర్‌లో ఆమెకు లెక్కలు చెప్తున్నాను. ఇదంతా ఆమెను అడిగే రాస్తున్నా. పేరు మాత్రం వద్దన్నది.

దేవుడు ప్రార్థన విన్నాడని నేను నమ్ముతాను. కానీ వచ్చే ఏడాది కూడా మిర్చి కాస్తది, వాళ్ళింట్లో కూలీ అవసరం పడతది. అప్పుడు మేము పదో తరగతి. మా నలుగురి వల్లనే కాదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మీరు ప్రార్థన చేసినా చేయకపోయినా సరే, నలుగురైదుగురు కలిసి వారానికి ఒకసారి కూర్చోండి. ఒకరి సంగతి ఒకరు వినండి. పండుగ సెలవులు అయినాక ఎవరి పెట్టె తాళం తీయకుండా ఉన్నదో చూసి, ఆ రోజే మేడంకు చెప్పండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని