ఉప్పూ పంచదారా

పాపకి రెండేళ్ళప్పుడు ఓ రాత్రంతా విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి. ఏడుస్తోంది గానీ కన్నీళ్ళు లేవు. డాక్టరమ్మ ఫోన్లో, "ఓఆర్‌ఎస్ చెంచాతో పడుతూ ఉండండి, తాగకపోతే వెంటనే తీసుకొచ్చేయండి" అంది. ఉత్త నీళ్ళెందుకు చాలవో అడిగే స్థిమితం లేదప్పుడు.

తర్వాత చదివాను. కణం చుట్టూ ఉన్న పొర మందం సుమారు 5 నానోమీటర్లు. రెండు వరసల కొవ్వు అణువులు: తలలు నీటివైపు, తోకలు లోపలికి. సోడియం, గ్లూకోజ్ ఆ కొవ్వుని సొంతంగా దాటలేవు. పేగు కణాల పొరలో వాటికో ప్రోటీన్ గుమ్మం ఉంది. రెండు సోడియం అయాన్లనీ ఒక గ్లూకోజ్‌నీ కలిపి లోపలికి పంపుతుంది. నీళ్ళు వాటి వెనకే వెళతాయి. ఈ జోడీ సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. కలరా విషం కూడా ఈ గుమ్మాన్ని మూయలేదు. 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకుంటే, దిలీప్ మహలనబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ములతో పట్టించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి.

ఆఫీసులో నా పని ఫైర్‌వాల్ రూల్స్ రాయడం. ఎవర్ని ఆపాలన్నదే ధ్యాస. పొరంటే అలాంటి గోడే అనుకునేవాణ్ణి.

తెల్లవారుజామున పాప మళ్ళీ ఏడ్చింది. చెంప తడిసింది.