అంగడి వీధి భాషలు

తిరుపతి బస్టాండు బయట జీపు డ్రైవర్ల కేకలు ఎప్పుడైనా విన్నారా? కట్టూబొట్టూ చూస్తానే 'వాంగ' అనాలో, 'బన్ని' అనాలో, 'ఆయియే' అనాలో వాళ్లకు తెలిసిపోతుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూసలమ్మే అక్కను మొన్న ఒకామె మరాఠీలో 'కితీ?' (ఎంత?) అనడిగితే, తల కూడా ఎత్తకుండా 'పన్నాస్' (యాభై) అనింది. ఎట్ల నేర్చుకున్నావక్కా అంటే, "కొనేవాళ్లే నేర్పించి పోతారు నాయనా" అనింది. నాకు ఎంత ముచ్చటేసిందో!

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా సేద్యం మాటలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం తెచ్చారు. మన అంగడి వీధి మాటలకూ అట్లాంటి పుస్తకం రావాల. మూడు రాష్ట్రాలు కలిసేచోట, కుప్పంలో, 1997 నుంచీ ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది కదా. అక్కడి పరిశోధక పిల్లలారా, ఒకసారి తిరుపతికి వచ్చి ఈ అక్క పక్కన కూచోండి.