మంగు కాయ

మంగు కాయ అంటే ఏందో నల్గొండ దిక్కు బత్తాయి తోటల్లో కూలికి పోయినోళ్లకు చెప్పక్కర్లేదు. కొనుక్కుని తినేటోళ్లకు చెప్పాలె. కంటికి ఆనని నల్లి పిందె మీద చేరి తొక్క రసం పీలుస్తది. కాయ పెరిగినకొద్దీ ఆ జాగ గోధుమ రంగు తిరిగి నల్లబడతది. లోపలి తొనలకు చాలామటుకు ఏం కాదు. అయినా బేరగాడు దాన్ని వేరే కుప్ప పోయిస్తడు, ధర తెగ్గోస్తడు. పైరంగు చూసి ధర కట్టుడు ఈ దేశంలో కాయలతోనే మొదలు కాలేదనుకోండి.

మా అమ్మ ఆ కుప్పలు ఏరే కూలి. దసరా దాటి చలి తిరిగే రోజుల్లో మా మాదిగవాడ ఆడోళ్లు తెల్లారకముందే తోటకు పోయేటోళ్లు. మగోళ్లు తెంపిన కాయను గంపలకెత్తి, చెట్టు కింద పోసి, చిన్నా పెద్దా ఏరేటోళ్లు. బడి లేనినాడు నేనూ పోయేవాణ్ణి. దూపైతే బోరు కాడ వంగి దోసిలి పట్టాలె. పైనుంచి పోస్తరు. చెంబు ముట్టనియ్యరు. ఆ చేతులే పొద్దంతా కాయలన్నిటినీ ముట్టేవి. ఆ కాయలే లారీ ఎక్కి పట్నం పోయి ఎవరింట్లోనో దేవుడి ముందు కూసునేవి. తొక్క ఉన్న పండుకు అంటు లేదు కాబోలు. అమ్మనడిగితే, "నీకెందుకురా గవన్ని, కుప్పమీద కాళ్లు పెట్టకు" అన్నది.

పొద్దుగూకినాక కూలి పైసలతోపాటు రాలిన కాయలు కొంగులో పోసేటోళ్లు, అదీ ఎత్తుమీదనుంచే. రాత్రిపూట రెక్కల పురుగు కాయకు సూదిబొక్క పెట్టి రసం తాగుతది. ఆ కాయ రాలుతది, లోపల పులుస్తది. మాకు దక్కింది అదే. బత్తాయి అంటేనే కొంచెం కల్లు వాసన కొట్టే పండు అని నాకు పదేళ్లు వచ్చేదాకా నమ్మకం.

మంచి కాయను పట్టే విద్య అమ్మ కాడనే నేర్చుకున్న. "ఒక్క తీరున్నయి రెండు తీసుకొని రెండు చేతుల్ల పట్టు కొడుకా. బరువున్నదాంట్లనే రసముంటది. పచ్చగున్నదని పారెయ్యకు, మన ఎండకు పండినా పసుపు తిరగదు. తొడిమ కాడ మెత్తబడ్డదా చూడు. బొక్క కాడ నొక్కితే రసం చిమ్మిందా, అది పురుగు తాగింది." ఆఖర్న గొంతు తగ్గించి, "మంగు కాయే తియ్యగుంటది" అనేది. మనకు దొరికేదాన్నే మంచిదనుకునే ఓదార్పు అనుకున్న.

హాస్టల్‌కు ఒకసారి సంచెడు మంగు కాయలు మోసుకపోయిన. మా గది తోటి విద్యార్థి ఒకడు చూసి, "మీవోళ్లు కుళ్లినయి పంపిన్రేంది?" అని నవ్విండు. నాకు తల కొట్టేసినట్టయింది. మాట్లాడకుండ ఒకటి ఒలిచి తొనలు ముందర పెట్టిన. తిన్నడు. ఇంకోటి అడిగిండు. ఒలిచి ఇచ్చిన గానీ, ఎందుకిచ్చిన్నా అని ఇప్పటికీ అనిపిస్తది. మీవోళ్లు అన్నమాట వాడు వెనక్కి తీసుకోలేదు మరి.

1994 డిసెంబరులో మీటింగుకని నాగపూరు పోయినం. పొద్దున్నే దీక్షాభూమికి నడిచినం. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్న నేల అది. చాలాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు. బయటికొచ్చినాక రోడ్డుమీద కుప్పలు కుప్పలుగా సంత్రాలు. చలికి వాటికి ఎంత రంగొచ్చిందో! అమ్మ చెప్పిన బరువూ గిరువూ మర్చిపోయి నిగనిగలాడేవన్నీ ఏరి రెండు డజన్లు కొన్న. జీవితంల మొదటిసారి అమ్మకు పండ్లు కొనుకపోతున్న కదా, అందమైనవే ఉండాలనుకున్న.

ఇంటికొచ్చి ఆమె ఒడిలో పెట్టిన. కొంగు పట్టబోయింది, వద్దన్న. ఒకటి చేతికి తీసుకొని వాసన చూసింది. "వీటిని తెంపినోళ్లు ఏ ఊరోళ్లో" అన్నది. బాబాసాహెబ్ గురించి చెప్తుంటే ఊకొడుతనే ఒక్కో పండును అరచేతిల తూచి, తొక్క గాలిసంచి లెక్క ఊగేటివి పక్కకు పెట్టింది. అవి తొమ్మిదయినయి.

"ఇవి పొల్లు," అన్నది. "ఎన్ని పైసలు పెట్టినవురా?"