టొరంటో నుంచి ఆన్ ఆర్బర్ దాకా

టొరంటోలో కార్ల్‌టన్ వీధి మూలన ఉన్న మేపుల్ లీఫ్ గార్డెన్స్ 1931లో తెరుచుకుంది. దశాబ్దాల పాటు కెనడా ఐస్ హాకీకి అది గుడి. ఇప్పుడు కింది అంతస్తులో లోబ్లాస్ సూపర్‌మార్కెట్ నడుస్తోంది. పాత రింక్ నడిబొడ్డు ఎక్కడుండేదో గుర్తుగా సరుకుల అరల మధ్య నేల మీద ఎర్రటి చుక్క ఒకటి వేశారు. అది చూసుకుని పైకెక్కితే టొరంటో మెట్రోపాలిటన్ యూనివర్సిటీ జట్టు ఆడే మంచు మైదానం.

జనవరి సాయంత్రం. సీట్లు రెండున్నర వేల పైచిలుకు ఉన్నా నిండినవి సగమే. ఆడుతున్నవాళ్లు మాత్రం కుర్రాళ్లు కారు. సగం ముఖాన్నే కప్పే అద్దం కింద గడ్డాలు కనిపిస్తున్నాయి. కెనడా యూనివర్సిటీల్లో చాలామంది ఆటగాళ్లు 20 ఏళ్ల దాకా మేజర్ జూనియర్ అనే కుర్రాళ్ల లీగుల్లో ఆడి వచ్చినవాళ్లే. అక్కడ ఆడిన ఒక్కో సీజన్‌కు ఒక్కో ఏడాది చదువు ఖర్చు లీగే భరిస్తుంది. అందుకే ఈ ఆటలో తొందరపాటు తక్కువ. పక్ పోగానే ఐదుగురూ ఎవరి చోటికి వాళ్లు చేరిపోతారు. గోడవారగా జరిగే పెనుగులాటలో బలం, అనుభవం రెండూ తెలుస్తాయి.

మర్నాడు 401 హైవే మీద పడమటికి. మంచు కప్పిన పొలాలు, చాటమ్ దగ్గర గాలిమరలు, విండ్సర్ దగ్గర అంబాసడర్ వంతెన. నది దాటితే డెట్రాయిట్, అక్కణ్ణుంచి గంటలోపే ఆన్ ఆర్బర్.

మిషిగన్ యూనివర్సిటీ వారి యోస్ట్ అరీనా 1923 నాటి ఇటుక భవనం. అందులోకి మంచు వచ్చింది 1973లో. 5,800 మంది పడతారు. బ్యాండు మోగుతూనే ఉంటుంది, విద్యార్థులు కూర్చోరు. మొదటి నిమిషంలోనే తేడా తెలిసింది: వేగం. పాస్ అందుకున్నవాడు చూపు దించకుండానే మరొకరికి పంపేస్తున్నాడు. ముఖం మొత్తం కప్పే జాలీల వెనక ఉన్నవాళ్లలో కొందరిని వృత్తి లీగైన ఎన్‌హెచ్‌ఎల్ క్లబ్బులు అప్పటికే ఎంచుకున్నాయి.

అయితే ఈ వేగమంతా అమెరికాదేనా? 2021 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా ఎంపికైన మిషిగన్ ఆటగాడు ఓవెన్ పవర్‌ది టొరంటో పక్కనున్న మిసిసాగా. 2023లో అమెరికా కాలేజీ హాకీలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు గెలిచిన ఆడమ్ ఫాంటిల్లిది నోబుల్‌టన్. ఇద్దరూ ఒంటారియో పిల్లలే. ఇంటి దగ్గరి మేజర్ జూనియర్ లీగులో ఆడితే వృత్తి ఆటగాళ్ల కింద లెక్కగట్టి అమెరికా కాలేజీలు తలుపు మూసేవి. అందుకని ఇద్దరూ అమెరికా జూనియర్ జట్టు షికాగో స్టీల్‌లో ఆడి ఇక్కడికొచ్చారు. పైగా కెనడాలో క్రీడా స్కాలర్‌షిప్ ట్యూషన్, తప్పనిసరి ఫీజులు దాటదు. అమెరికాలో పూర్తి స్కాలర్‌షిప్ అంటే తిండీ, వసతీ కూడా.

కాబట్టి ఈ తేడా రెండు దేశాల ప్రతిభకు కొలత కాదు. ఎదుగుతున్న వయసులో అమెరికా పట్టుకుంటుంది, జూనియర్ ముగిశాక కెనడా చేరదీస్తుంది. సగటున అమెరికా మొదటి శ్రేణి జట్లే మెరుగని నేను నమ్ముతాను. కెనడా శిఖరాన ఉన్న జట్లను మాత్రం తక్కువ చేయడం అన్యాయం. న్యూ బ్రన్స్‌విక్ యూనివర్సిటీ రెడ్స్ 2023-24లో ఆడిన 43 పోటీలూ గెలిచింది. యూనివర్సిటీ కప్ ఫైనల్ ఆడింది ఆ సూపర్‌మార్కెట్ పై మంచు మీదే! రెండు దేశాల జట్లు తలపడే స్నేహపూర్వక మ్యాచ్‌లను పట్టుకుని తీర్పు చెప్పలేం. అవి కొత్తవాళ్లను పరీక్షించుకునే వేదికలు.

డెరెక్ రయన్ కథ ఎదురుదారిది. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ వాడైన ఈ అమెరికన్ ఆల్బెర్టా యూనివర్సిటీలో ఆడి, యూరప్ తిరిగి, 2016లో 29 ఏళ్ల వయసులో కరోలినా తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. ఆలస్యంగా పండే ఆటగాళ్లకు కెనడా యూనివర్సిటీలు ఇచ్చే ఆ అవకాశం నాకెంతో విలువైనదిగా తోస్తుంది.

2025 ఆగస్టు 1 నుంచి అమెరికా తలుపు తెరుచుకుంది. మేజర్ జూనియర్ ఆటగాళ్లు ఇప్పుడు అక్కడ ఆడొచ్చు. మెడిసిన్ హాట్ టైగర్స్ తార గావిన్ మెకెన్నా నేరుగా పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాడు. అతని వెనక వెళ్లేవాళ్లలో, నిన్నటిదాకా న్యూ బ్రన్స్‌విక్, ఆల్బెర్టా యూనివర్సిటీలున్న ఫ్రెడెరిక్టన్‌కో ఎడ్మంటన్‌కో చేరాల్సిన 20 ఏళ్లవాళ్లూ ఉంటారు.