తిరుత్తణి పక్క ఊర్ల సంగతులు

తిరువళ్లూరు, అరక్కోణం దాటి రైలు తిరుత్తణి చేరేసరికి కొండ మీద సుబ్రమణ్యస్వామి గుడి కనపడుతుంది. ఏడాదికి ఎన్ని రోజులో మెట్లూ అన్నే, 365. ఆడికృత్తికకు మా ఊర్లోళ్లు, చిత్తూరు పక్కవాళ్లు కావళ్లు మోసుకొని వస్తారు.

1960 ఏప్రిల్ 1 దాకా మాది చిత్తూరు జిల్లానే. ఆ రోజు మద్రాసు రాష్ట్రంలో కలిపినారు. గీత మారింది గానీ చుట్టరికం మారలేదు. నగరి, పుత్తూరు నుంచి మాకు కోడండ్లు వస్తారు, మా ఆడబిడ్డలు అక్కడికి పోతారు.

ఊరి సంగతులు కావాలంటే పొద్దున టీ అంగడికి పోవాల. ఎవరింట్లో పెండ్లి, నూలు రేటు ఎంత, పొదటూరుపేటలో ఎవరి మగ్గం నిలిచిపోయింది, అన్నీ అక్కడే తెలుస్తాయి.

ద్రౌపదమ్మ గుడిలో భారతం పెడితే ఊరంతా ఒకచోటే. పగలు కథ, రాత్రి నాటకం. ఆఖరు రోజు మట్టి దుర్యోధనుణ్ణి పడగొట్టి, సాయంత్రం నిప్పుల గుండం తొక్కుతారు. మిల్లు పనికి దూరం పోయినోళ్లు కూడా లీవు పెట్టి వస్తారు. మాటల్లేని అన్నదమ్ములు ఆ రోజు ఒకే పందిట్లో కూర్చుంటారు.

ఒకటే దిగులు. 2006 చట్టంతో బడిలో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్వాల్సిందే, మన కూడు ఇక్కడే. అయితే నా మనవరాలు అవ్వతో గలగలా తెలుగు మాట్లాడుతుంది, నగరి నుంచి వచ్చిన పెండ్లి పత్రిక మాత్రం చదవలేదు. చదవడం పోతే రేపు మాట కూడా పోతుంది.

నేను చదివింది ఐదో తరగతే. అఆలు నేర్పడానికి అది చాలు. ఈ పుస్తకం ఇంటికొచ్చినప్పుడు నెలకు ఒక పేజీ అయినా పిల్లల చేత గట్టిగా చదివించండి.