రెండు తలుపుల ముచ్చట

కూపే అనే మాట మన ఇళ్ళలోకి కారెక్కి రాలేదు, రైలెక్కి వచ్చింది. మొదటి తరగతి పెట్టెలో ఇద్దరికి మాత్రమే సరిపోయే చిన్న గదిని కూపే అనేవారు. కొత్త దంపతులకు అది దొరికిందంటే సాగనంపడానికి వచ్చిన చుట్టాలు ముసిముసిగా నవ్వుకునేవారు. మాట ఫ్రెంచివారిది, ‘కోసినది’ అని అర్థం. నలుగురు ఎదురెదురుగా కూర్చునే గుర్రపుబండిలో ఒక వరస సీటు కోసివేసి, ఇద్దరికే చోటు మిగిలిస్తే అది కూపే అయింది. మోటారు యుగం వచ్చాక ఆ పేరు రెండు తలుపులతో, వెనక్కు ఒయ్యారంగా వాలిన కప్పుతో వుండే కారుకు దక్కింది.

జీవితమంతా మోటారు సైకిలు మీద గడిపినవాడికి కారంటే కొంచెం చిన్నచూపు వుంటుంది. గాలి తగలదు, వాన తడపదు, వంపు తిరిగితే ఒళ్ళు వంగదు. 1984లో కొన్న బుల్లెట్టు మీద మా దంపతులం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తిరగని దారి లేదు. రామతీర్థం, శ్రీకూర్మం, బారువ, పలాస అన్నీ ఆ వెనకసీటు మీదనుంచే మా ఆవిడ చూసింది. నిరుడు ఆమె మోకాళ్ళు చూసిన డాక్టరు, ఇక మోటారు సైకిలు ఎక్కవద్దని ఖచ్చితంగా చెప్పేశాడు. వెనకసీటు ఖాళీ అయిన మోటారు సైకిలు సగం బండే. తిరుగుళ్ళు మానుకోవడమా, కారు కొనడమా అన్నది తేల్చుకోవలసి వచ్చింది.

“కారు కొంటే కొనండి. కాని ఎక్కితే ఊరేగుతున్నట్టుండాలి గాని, ఆఫీసుకు పోతున్నట్టుండకూడదు,” అంది మా ఆవిడ.

అంచేత కూపే. కొత్త చిన్న కారు ఖరీదుకు మించకూడదు గనుక, పాత కూపే.

పాతబండి బేరాలకు విశాఖపట్నం దగ్గరే. జర్మనీ దేశపు కూపే ఒకటి అక్కడ చూశాం. నల్లగా, నేలను రాసుకుంటూ, కునుకు తీస్తున్న చిరుతపులిలా వుంది. మా ఆవిడ అందులోకి దిగడమైతే దిగింది. పైకి లేవడానికి ఇద్దరం చెరో చెయ్యీ పట్టవలసి వచ్చింది. పైగా మన ఊళ్ళ స్పీడుబ్రేకరు ఒక్కొక్కటీ ఒక్కొక్క చిన్న కొండ. ఆ కడుపు వాటిమీద నిలవదు.

తరువాత 1991లో టాటావారు తెచ్చిన సియర్రా. కూపే అనడం కుదరదు గాని, పక్కకు రెండే తలుపులు. వెనక అద్దాలు కప్పుమీదికి వంగి వుంటాయి. దర్జా అయిన బండి. (2025లో అదే పేరుతో మళ్ళీ వచ్చినదానికి తలుపులు పెరిగాయి.) కాని అది ఎత్తయిన బండి. ఎక్కడానికి మోకాలే ఆధారం.

మూడవది స్టాండర్డ్ హెరాల్డ్. శ్రీకాకుళంలో ఒక రిటైరయిన డాక్టరుగారి ఇంట్లో వుందని తెలిసింది. 1966 మోడలు, రెండు తలుపులు, మీగడ రంగు. పట్టుపట్టి చెబితే ఇది కూపే కాదు, రెండు తలుపుల సెలూను. అసలు హెరాల్డ్ కూపే ఇంగ్లండులో తయారయింది. కాని ఆ రెక్కల తోకనూ, వాడియైన ముఖాన్నీ చూసినవాడు నిఘంటువు తెరవడు. దాని రూపం గీసినవాడు ఇటలీ దేశస్థుడు, టూరిన్ నగరపు జొవానీ మికెలొత్తి. 1959లో ఇంగ్లండులో బయటికి వచ్చిన ఆ కారును 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు తయారుచేశారు. తమాషా ఏమిటంటే, 1955లో మద్రాసులో పుట్టిన ఎన్‌ఫీల్డ్ ఇండియావారిదే నా బుల్లెట్టు కూడా. రెండూ ఒక ఊరి బిడ్డలే.

పాతబండి కొనేటప్పుడు కన్ను రంగు చూస్తుంది. ఇనుము చూడటానికి వేరే కన్ను కావాలి. ఆ కన్ను కోసం సాలూరు వెళ్ళాను. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది గాని, మాకు అలవాటు ప్రకారం అది విజయనగరం సాలూరే. విజయనగరం నుంచి గజపతినగరం మీదుగా ఒరిస్సా కొండలకు ఎక్కే పెద్దరోడ్డు పక్కన, లారీలే బతుకుగా వున్న ఊరు. బాడీ కట్టేవాళ్ళు, కమాను కట్టలు సరిచేసేవాళ్ళు, టింకరింగు చేసేవాళ్ళు వీధి వీధికీ కనిపిస్తారు. నాకు తెలిసిన పెద్ద మేస్త్రి సంగతంతా విని బీడీ ఆర్పేశాడు.

“ఇనుముకి నోరు నేదు బాబూ. సప్పుడే దాని మాట. పదండి, ఇందారి,” అన్నాడు.

అతన్ని బుల్లెట్టు వెనక కూర్చోబెట్టుకుని బొబ్బిలి, రాజాం మీదుగా బయలుదేరాను. బొబ్బిలిలో టీ తాగుతూ హెరాల్డ్ నిర్మాణం గురించి చెబితే, అతనికి పోలిక వెంటనే తట్టింది. బొబ్బిలి వీణ పనస మానులో ఒకే దుంగనుంచి తొలిచేది, ఏకాండి. ఇప్పటి కార్లు చాలావరకు ఆ తరహాయే. బాడీ, చట్రం ఒకే ముద్ద. ఒకచోట తుప్పు తింటే మొత్తానికీ చేటే. హెరాల్డ్ అలా కాదు. 1950లలో బాడీలు చేసిపెట్టే కంపెనీని పోటీదారులు కొనెయ్యడంతో, స్టాండర్డ్‌వారికి ఏకాండి బాడీ చేసిపెట్టేవాడు లేకపోయాడు. అందుకని వేరే చట్రం వేసి, బాడీని ముక్కలు ముక్కలుగా చేయించి, బోల్టులతో దానిమీద బిగించారు. నాడు గతిలేక చేసిన పని, అరవయ్యేళ్ళ తరువాత మనకు వరమయింది. పాడయిన ముక్కను విప్పి బాగుచేసుకోవచ్చు.

“అయితే అది వీణ కాదు బాబూ, మంచం. కోడు ఇరిగితే కోడే మారుత్తాం,” అన్నాడు మేస్త్రి.

చిలకపాలెం దగ్గర పెద్దరోడ్డెక్కి శ్రీకాకుళం చేరేసరికి మా ఆవిడ విజయనగరం నుంచి బస్సులో వచ్చి, అప్పటికే డాక్టరుగారి భార్యతో కాఫీ తాగుతున్నది. మేస్త్రి కారు ముందుభాగం పట్టుకుని ఎత్తాడు. హెరాల్డ్‌కు బానెట్టు, మడ్గార్డులు కలిసి ఒకే రేకు. మొసలి నోరు తెరిచినట్టు మొత్తం ముందుకు లేస్తుంది. ఇంజను, ముందు చక్రాలు ఎదురుగా బట్టబయలు. మోటారు సైకిలు మనిషికి ఇంతకంటె ఏం కావాలి? ఇంజను కంటికి కనిపించని వాహనం మీద అతనికి నమ్మకం కుదరదు.

తరువాత మేస్త్రి కిందికి దూరి, చట్రాన్ని చిన్న సుత్తితో అడుగడుగునా కొట్టుకుంటూ పోయాడు. కణీమని పలికితే గట్టి, బొదబొదమంటే తుప్పు. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పుగాలి ఇనుమును లోపలినుంచి తింటుంది. పైన రంగు నవ్వుతూనే వుంటుంది. రెండుచోట్ల, బాడీని మోసే చేతుల దగ్గర, శబ్దం బొంగురుపోయింది. “రెండు రోజుల పని,” అన్నాడు. పెట్రోలు గొట్టాలు కూడా మార్చాలన్నాడు. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది. పాతకాలపు రబ్బరుకు అది సరిపడదు. నా బుల్లెట్టుకూ అదే వైద్యం చేయించాను గనుక నాకది కొత్త కాదు.

ఇక కాగితాలు. పాత కారు ప్రేమలో పడినవారు ఇక్కడే జాగ్రత్తగా వుండాలి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభయ్యేళ్ళు దాటిన బండిని వింటేజి వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. దర్జాగానే వుంటుంది గాని, ఆ బండిని మామూలు రాకపోకలకు వాడరాదు; ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ మాత్రమే. మాకు కావలసింది తిరిగే బండి. డాక్టరుగారు అయిదేళ్ళకొకసారి మామూలు రిజిస్ట్రేషనునే పొడిగించుకుంటూ వచ్చారు. పుస్తకంలోని ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండిమీద వున్నవాటితో అక్షరం అక్షరం సరిపోయాయి.

మిగిలింది దారి. కళింగపట్నం వైపు తీసుకువెళ్ళాం. పక్కసీట్లో మా ఆవిడ, వెనక డాక్టరుగారు, మేస్త్రి. రెండు తలుపుల కారుకు తలుపు వెడల్పు ఎక్కువ. మా ఆవిడ ముందు కూర్చుని, తరువాత కాళ్ళు లోపలికి తిప్పుకుంది. ఎవరి చెయ్యీ పట్టలేదు. నాకు ఆ క్షణంలోనే సగం బేరం కుదిరిపోయింది.

948 సి.సి. ఇంజను, బుల్లెట్టుకు మూడు రెట్లకు కొంచెం తక్కువ. పరుగుపందేనికి పనికిరాదు, ప్రయాణానికి చాలు. ఈ కారుకు ఒక గుణం వుంది, తెలియనివాడికి అది దోషం. వెనక చక్రాలు రెండూ దేనికది ఊగే ఇరుసుల మీద వుంటాయి. వంపులోకి వేగంగా దూరి, మధ్యలో భయపడి ఠక్కున పెట్రోలు వదిలేస్తే, ఆ చక్రాలు లోపలికి ముడుచుకుని తోక విసిరేస్తుంది. ఘాటురోడ్ల మీద బుల్లెట్టు నేర్పే మొదటి పాఠం సరిగ్గా ఇదే: వంపుకు ముందే వేగం తగ్గించు, వంపులో నిలకడగా లాగు. మోటారు సైకిలు వాడికి హెరాల్డ్ అందుకే వెంటనే లొంగుతుంది. తిరగడానికి దీనికి ఇరవై అయిదడుగుల వలయం చాలు. మా గంటస్తంభం సందుల్లో అదెంత వరమో ఆ ఊరివారికి తెలుసు.

దారిలో పక్కకు మళ్ళి, శాలిహుండం కొండ కింద బండి ఆపాం. పైన బౌద్ధ స్తూపాల శిథిలాలు, కింద వంశధార. మేము చాలాసార్లు ఎక్కిన కొండే. ఈసారి ఎక్కలేదు. మా ఆవిడ అద్దం దించుకుని నదివైపు చాలాసేపు చూసింది. “ఎక్కకపోయినా బాగానే వుంది,” అంది. ఆ మాట కొండ గురించి మాత్రమే కాదని నాకు తెలుసు.

తిరిగి వచ్చాక డాక్టరుగారు ధర సంగతి ఎత్తలేదు. “రోజూ తోలతారా, గుడ్డ కప్పి దాస్తారా?” అని అడిగారు.

“రోజూ కాదండి, ఆదివారాలు. ఎండైనా వానైనా,” అన్నాను.

“అయితే మీదే,” అని, బేరం నేను అనుకున్న దానికంటె తక్కువకే తెగ్గొట్టారు.

పాత కూపే కొనదలచిన పాఠకులు అడిగితే నేను చెప్పేది ఇంతే. ముందు మీ పక్కన కూర్చునే మనిషిని తీసుకువెళ్ళి కూర్చోబెట్టండి. తరువాత ఇనుము, ఆ తరువాత కాగితాలు, చివరికి రంగు. బుల్లెట్టును అమ్మేస్తారా అని చాలామంది అడిగారు. అమ్మను. మిగతా ఆరు రోజులూ కూరగాయలకూ, లైబ్రరీకీ అదే. వచ్చే ఆదివారం బారువ వెళుతున్నాం. పులిహోర పొట్లం ఎక్కడ పెట్టాలన్న వాదం ఇంట్లో అప్పుడే మొదలయింది.